పేరు మారిస్తే సరిపోతుందా?

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం నాకు ఫోనొచ్చింది. కొత్త నంబరు. అవతలి మనిషి తనెవరో కూడా చెప్పకుండా, "మా అత్త పేరు మార్చారు గాని మేడం, ఇంట్లో ఉన్న దాన్ని మార్చలేదేం?" అంది. నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏం మాట్లాడాలో తెలియలేదు.

"దాన్ని" అని ఆమె అన్నది ఆ ఇంట్లో ఉన్న ఒక పాత వస్తువు గురించి. అదేమిటో ఇక్కడ రాయను. రాస్తే ఆ ఇల్లూ, ఆ మనిషీ మీకు కళ్ళకు కట్టినట్టు కనబడతారు. అలా కనబడాలనే అప్పుడు రాశాను. అసలు చిక్కు అక్కడే వచ్చింది.

నా పిహెచ్.డి. తిరగటి పాటల మీద. ఇప్పుడు ఏ ఇంట్లోనూ తిరగలి తిరగడం లేదు కాబట్టి, ఒకప్పుడు తిప్పిన చేతుల్ని వెతుక్కుంటూ నాలుగైదేళ్ళు ఊళ్ళు తిరిగాను. అలా దొరికింది పెద్దమ్మ. ఆమెకి అప్పటికే అరవై దాటాయి. పాట మొదలుపెడితే చేయి దానంతటదే గుండ్రంగా తిరిగేది. చాలాసార్లు వాళ్ళింట్లోనే పడుకున్నాను. ఒకరాత్రి, అందరూ నిద్రపోయాక, నాకొక పాట పాడింది. పుట్టింటికి పోయిన చెల్లెలి పాట. మీలో చాలామంది ఈ కథ ఏదో ఒక రూపంలో వినే ఉంటారు. అన్న మంచివాడే, వదినే గయ్యాళి. చెల్లెలికి అన్నం పెట్టనిది వదిన, చీర పెట్టనివ్వనిది వదిన. పెద్దమ్మ పాడిన పాటలో వదిన లేదు. చెల్లెల్ని మోసం చేసింది అన్నలే. పొలం గట్టు పేరుతో సహా ఉంది అందులో. "ఇట్లా ఎవరు పాడతారు పెద్దమ్మా?" అని అడిగితే, "ఎదురు తిప్పే మనిషి లేనప్పుడు నేను పాడుకుంటా" అంది.

తిరగలి దగ్గర ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. ఎదుట మనిషి ఉంటే వదిన పాట, లేకపోతే అన్నల పాట. ఇదొక్కటి చాలు నా థీసిస్‌లో ఒక అధ్యాయానికి. రాశాను. ఇంగ్లీషులో, నలభై పేజీలు, నిండా సిద్ధాంత పరిభాషతో. అది యూనివర్సిటీ లైబ్రరీలో బైండు చేసుకుని ప్రశాంతంగా కూర్చుంది. నా గైడూ, ఇద్దరు పరీక్షకులూ తప్ప మరొకరు చదివి ఉంటారని నేననుకోను. ఎవరికీ ఏ హానీ జరగలేదు. ఎవరికీ ఏ మేలూ జరగలేదు.

తర్వాత కొన్నేళ్ళకి ఒక పత్రిక వాళ్ళు రాయమన్నారు. మానవశాస్త్రం, జానపద పరిశోధన లాంటి విషయాల్ని మామూలు పాఠకులకి చెప్పే పత్రిక. పన్నెండు వందల మాటల్లో రాయాలి, పరిభాష ఉండకూడదు. సంపాదకురాలు మంచి మనిషి, శ్రద్ధగా చదివే మనిషి. "మొదటి పేరాలో మనిషి కనబడాలి. ఆమె ఇల్లు ఎలా ఉంటుంది? చేతికందే దూరంలో ఏముంటుంది?" అని అడిగింది. నాకు ఆ ప్రశ్న ఎంతో నచ్చింది. పదేళ్ళు అకడమిక్ భాషలో ఊపిరాడక ఉన్నదాన్ని కదా. ఊరి పేరు తీసేశాను. పెద్దమ్మకి వేరే పేరు పెట్టాను. ఇంట్లో ఉన్న ఆ వస్తువుని మాత్రం ఉన్నదున్నట్టు వర్ణించాను. నేను రాసినవాటిలో అంత బాగా వచ్చిన పేరా ఇంకొకటి లేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

వ్యాసాన్ని ఎవరో తెలుగు చేశారు, మంచి ఉద్దేశంతోనే. అది వాట్సప్‌లో తిరుగుతూ తిరుగుతూ, పట్నంలో చదువుకుంటున్న పెద్దమ్మ అన్న మనవడికి చేరింది. ఆ కుర్రవాడు చిన్నప్పుడు సెలవులకి ఆ ఇంటికి వెళ్ళినవాడు.

ఇక్కడిదాకా చదివి, ఇలాంటి విషయాలు అందరికీ చెప్పాలనుకోవడమే తప్పంటోంది అనుకుంటారేమో. అది కాదు. నేనా పని చేసింది ఒక పెద్ద నమ్మకంతో. ఆ నమ్మకం ఇప్పటికీ ఉంది. 2016 జనవరిలో అమెరికాలో 'సేపియన్స్' అనే పత్రిక మొదలైంది. న్యూయార్కులో 1941లో పుట్టిన వెన్నర్-గ్రెన్ ఫౌండేషన్ దాన్ని తెచ్చింది. ప్రపంచంలో మానవశాస్త్ర పరిశోధనలకి డబ్బిచ్చే సంస్థల్లో ముఖ్యమైనది అది. ఇన్నాళ్ళూ పరిశోధకులు పరిశోధకుల కోసమే రాసుకున్నది ఇకనించీ మామూలు మనుషులకి, మామూలు భాషలో, ఉచితంగా అందాలని ఆ పత్రిక ఉద్దేశం. రాసేది విలేకరులే కాదు, ఆ ఊళ్ళలో ఏళ్ళకేళ్ళు గడిపిన పరిశోధకులు కూడా. నేను రాసింది దానికి కాదు, ఆ దారిలో నడిచే ఒక చిన్న పత్రికకి. కానీ అలా రాయొచ్చునని, అలా రాయడం పరిశోధకుల స్థాయికి తక్కువేం కాదని నాకు ధైర్యమిచ్చింది సేపియన్స్‌లో చదివిన వ్యాసాలే.

ఈ ప్రయత్నం కొత్తదీ కాదు. 1943లో, రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో, రూత్ బెనెడిక్ట్, జీన్ వెల్ట్‌ఫిష్ అనే ఇద్దరు స్త్రీలు 'ద రేసెస్ ఆఫ్ మ్యాన్‌కైండ్' అని ఒక చిన్న కరపత్రం రాశారు. వెల పది సెంట్లు. జాతుల మధ్య పుట్టుకతో వచ్చే తెలివితేటల తేడాలు లేవని సిపాయిక్కూడా అర్థమయ్యేలా చెప్పారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి సైన్యం తెలివితేటల పరీక్షల్లో కొన్ని ఉత్తరాది రాష్ట్రాల నల్లవాళ్ళకి కొన్ని దక్షిణాది రాష్ట్రాల తెల్లవాళ్ళకన్నా ఎక్కువ మార్కులు వచ్చాయని అందులో ఉంది. దాంతో అమెరికన్ కాంగ్రెస్‌లో గొడవైంది, సైన్యం పంచిపెట్టడం ఆపేసింది. అదే సంగతి ఐదువందల పేజీల పండిత గ్రంథంలో ఉంటే ఎవరికీ కోపమొచ్చేది కాదు. అధికారంలో ఉన్నవాళ్ళకి కోపం తెప్పించాలంటే అర్థమయ్యేలా రాయాలి. కాబట్టి అర్థం కాకుండా రాయడంలో గొప్పతనమేమీ లేదు. పరిభాష చాటున దాక్కున్న జ్ఞానం ఎక్కువగా పై కులాల, పై తరగతుల ఆస్తిగానే మిగిలిపోతుంది. ఆ మాట మనం ఈ పేజీల్లోనే ఎన్నోసార్లు అనుకున్నాం.

నా ప్రశ్న వేరే. సామాన్య పాఠకులు అంటాం కదా, ఎవరు వాళ్ళు?

మార్గరెట్ మీడ్ సంగతి చూడండి. 1925లో, ఇరవై మూడేళ్ళ వయసులో, ఒక్కతే సమోవా దీవులకి వెళ్ళి అక్కడి ఆడపిల్లల మధ్య కొన్ని నెలలు గడిపింది. 1928లో 'కమింగ్ ఆఫ్ ఏజ్ ఇన్ సమోవా' వచ్చింది. ప్రచురణకర్త విలియం మారో సలహా మీద, సమోవా ఆడపిల్లల జీవితం నుంచి అమెరికన్లు ఏం నేర్చుకోవచ్చో చెప్పే అధ్యాయాలు చివర్లో చేర్చింది. పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. తర్వాతి కాలంలో ఆమె 'రెడ్‌బుక్' అనే మహిళా పత్రికలో ఏళ్ళతరబడి కాలమ్ రాసింది. మానవశాస్త్రాన్ని వంటింటి దాకా తెచ్చిన మనిషి ఆమె. అందుకు ఆమెని మెచ్చుకోవాల్సిందే. ఆమె చనిపోయాక, 1983లో డెరెక్ ఫ్రీమన్ ఆమె చెప్పినవన్నీ తప్పులని పుస్తకం రాశాడు. ఆ వాదంలో ఎవరిది ఎంత ఒప్పో అని పండితులు ఏళ్ళకేళ్ళు తన్నుకున్నారు. నాకు ఆ తగాదా మీద అంత ఆసక్తి లేదు. ఈలోపల సమోవా పిల్లలు కాలేజీలకి వచ్చి అదే పుస్తకం పాఠంగా చదివారు. తమ అమ్మమ్మల గురించి, వాళ్ళ ప్రేమల గురించి, ఎవరో బయటి మనుషుల కోసం రాసిన పుస్తకం. చాలామంది నొచ్చుకున్నారు, సిగ్గుపడ్డారు. పుస్తకం రాసేటప్పుడు మీడ్ ఊహించుకున్న సామాన్య పాఠకుల్లో వాళ్ళు లేరు. మనం రాసేటప్పుడు ఎదురుగా కూర్చోబెట్టుకునే పాఠకురాలు ఎప్పుడూ ఆ ఊరికి బయటి మనిషే.

ఈ సంగతి నాకు బాగా తెలిసేలా చేసింది ఐర్లండు కథ. నాన్సీ షెపర్-హ్యూస్ 1970లలో భర్తతో, చిన్న పిల్లలతో కలిసి ఐర్లండు పడమటి కొసన, కెర్రీ కౌంటీలో ఒక పల్లెకి వెళ్ళింది. పెళ్ళికాని మగవాళ్ళు ఎక్కువగా మిగిలిపోయిన ఊరు. చిన్నకొడుకుని పొలం కోసం, ముసలి తల్లిదండ్రుల కోసం ఇంట్లోనే ఆపేసుకుంటారు. అతనికి పెళ్ళి కాదు, ఒంటరితనం మిగులుతుంది. మానసిక వ్యాధితో ఆసుపత్రి పాలయ్యేవాళ్ళలో అలాంటివాళ్ళు ఎందుకంతమంది ఉన్నారని ఆమె వెతికింది. 1979లో 'సెయింట్స్, స్కాలర్స్ అండ్ స్కిజోఫ్రీనిక్స్' వచ్చింది. ఊరికి బాలీబ్రాన్ అని మారుపేరు పెట్టింది. చక్కగా, ఎవరైనా చదవగలిగేలా రాసింది. మార్గరెట్ మీడ్ పేరిట ఉన్న బహుమతి కూడా వచ్చింది. ఊరు ఏదో ఐరిష్ పత్రికల వాళ్ళు పోల్చుకోవడానికి ఎంతోకాలం పట్టలేదు. ఊళ్ళోవాళ్ళకైతే పోల్చుకోవాల్సిన పనే లేదు. ఎవరి మాట ఏ పేజీలో ఉందో వాళ్ళకి తెలుసు. 1999లో ఆమె మళ్ళీ ఆ ఊరు వెళ్ళింది. కొన్నాళ్ళుండగానే ఊరు ఆమెని వెళ్ళిపొమ్మంది.

దాని గురించి ఆమె తర్వాత రాసినది నేను చాలాసార్లు చదివాను. మారుపేరు పెట్టడం వాళ్ళని కాపాడటానికే అనుకుంటాం, నిజానికి అది మనకి ధైర్యమిస్తుంది, పేరు పెట్టి రాయాల్సివస్తే రాయని మాటలు మారుపేరు చాటున రాసేస్తాం, అని ఆమె ఒప్పుకుంటుంది. ఆ మాటలు చదివినప్పుడు నేను చేసింది నాకు తెలిసొచ్చింది. పెద్దమ్మ అసలు పేరుతో రాయాల్సి ఉంటే ఆ అన్నల సంగతి అంత వివరంగా రాసేదాన్నా? కనీసం ఒకసారి ఫోన్ చేసి అడిగేదాన్ని కదా. పేరు మార్చాను కాబట్టి అడగాల్సిన పని లేదనుకున్నాను.

మారుపేరు బయటివాళ్ళ దగ్గరే పనిచేస్తుంది. అమెరికాలో చదివేవారికి ఆ ఊరు తెలియదు, పేరు మార్చకపోయినా తెలియదు. పేరు మార్చాల్సిన అవసరం ఉన్నది ఎవరి దగ్గరో, సరిగ్గా వాళ్ళ దగ్గరే అది ఉపయోగపడదు. అకడమిక్ రాతలో ఇది ఇంతగా బయటపడదు. అక్కడ మనుషులు కనబడరు కాబట్టి. "ఒక సమాచారదాత, అరవై ఐదు, వ్యవసాయ కుటుంబం" అని రాస్తే ఎవరైనా కావచ్చు. మామూలు పాఠకులకి రాయాలంటే ఆ మనిషి చెయ్యి కనబడాలి, ఆ ఇంటి గోడ కనబడాలి. ఏది కనబడితే వ్యాసం బతుకుతుందో, అదే ఆమెని పట్టిస్తుంది. ఈ రెండింటినీ ఎలా విడదీయాలో నాకు ఏ మెథడాలజీ క్లాసులోనూ చెప్పలేదు.

మన దగ్గర ఒక భిన్నమైన ఉదాహరణ ఉంది. కుమ్రం భీం పోరాటం తర్వాత గోండుల పరిస్థితులు చూడమని నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్‌ని ఆదిలాబాద్ పంపింది. ఆయన 'ద రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' 1948లో వచ్చింది. మార్లవాయిలో ఆయనకీ, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్‌కీ సమాధులున్నాయి, ఇప్పటికీ ఆ ఊరు వాళ్ళని తలుచుకుంటుంది. పుస్తకం చదివి కాదు. పట్టాలకోసం, బడికోసం చేసిన పనికి. (బెట్టీ పక్కనే ఉండి పనిచేసినా పుస్తకాల మీద ఎక్కువగా భర్త పేరే ఉంటుంది. అది ఇంకో వ్యాసం.)

మళ్ళీ పాట దగ్గరికి వస్తాను. లీలా అబు-లుఘోద్ 1970ల చివర్లో ఈజిప్టు పడమటి ఎడారిలో అవ్లాద్ అలీ బెదూయిన్ కుటుంబంతో రెండేళ్ళు ఉంది. పెళ్ళికాని పిల్ల ఒంటరిగా వస్తే బాగుండదని వాళ్ళ నాన్న వెంట వచ్చి ఆ ఇంటిపెద్దకి అప్పగించి వెళ్ళాడు. అక్కడి ఆడవాళ్ళు మామూలు మాటల్లో ప్రేమని, దుఃఖాన్ని ఒప్పుకోరు. పరువు తక్కువ. కానీ చిన్న చిన్న పాటల్లో, రెండు ముక్కల్లో, అన్నీ చెప్పేస్తారు. ఆ పాట దగ్గరివాళ్ళ ఎదుటే పాడతారు, మగవాళ్ళ ముందు, తెలియనివాళ్ళ ముందు పాడరు. 1986లో ఆమె తెచ్చిన 'వీల్డ్ సెంటిమెంట్స్' ఆ పాటల గురించే. నా థీసిస్‌లో ఆ పుస్తకాన్ని లెక్కలేనన్నిసార్లు ఉటంకించాను. దగ్గరివాళ్ళ ఎదుటే పాడతారు అన్న ఒక్క మాటని నాకూ వర్తింపజేసుకోలేదు. పెద్దమ్మ నన్ను ఎదురు తిప్పే మనిషిగా కూడా లెక్కపెట్టలేదు. ఎవరూ లేనప్పుడు పాడుకునే పాట నా ఎదుట పాడింది.

స్త్రీవాద పరిశోధన గురించి జుడిత్ స్టేసీ 1988లోనే ఒక కఠినమైన మాటంది. దూరంగా నిలబడి ప్రశ్నలు వేసే పాత పద్ధతికన్నా, స్నేహంగా, చెల్లెలిలా, కూతురిలా మెలిగే మన పద్ధతిలోనే ద్రోహానికి చోటెక్కువ అని. ఎందుకంటే ప్రశ్నాపత్రంతో వచ్చినవాడికి ఎవరూ అర్ధరాత్రి పాట పాడరు. ఎం.ఫిల్. రోజుల్లో అది చదివి ఇదేం నిరాశావాదం అనుకున్నాను. చెల్లెలినని చెప్పుకుని ఆ ఇంట్లో పడుకుని, ఉదయం లేచి నోట్స్ రాసుకునేటప్పుడు నేనెవరిని?

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. నాకు నేనే ఎదురుతిరిగి అడుగుతున్నాను. ఇంటిగుట్టు లంకకు చేటు అని మనల్ని ఎన్ని తరాలు నోరుమూయించారు? భర్త కొట్టాడని చెప్పకూడదు, మామ చెయ్యి వేశాడని చెప్పకూడదు, అన్నలు పొలం రాయించుకున్నారని చెప్పకూడదు. ఆ గుట్టు రట్టు చేయడమే కదా స్త్రీవాదం చేసిన మొదటి పని. ఇప్పుడు నేను పెద్దమ్మ సంగతి రాసి ఉండకూడదు అంటే, ఆ అన్నల పక్షాన మాట్లాడుతున్నట్టే కదా? ఈ వాదన నా స్నేహితురాలు ఒకామె గట్టిగా చేసింది. "సిగ్గుపడాల్సింది వాళ్ళు, నువ్వు కాదు" అంది. ఆ రోజు నాకు ఎంతో ఊరట కలిగింది. రెండు రోజులే ఉంది ఆ ఊరట.

స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'ని మళ్ళీ తీశాను. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ కథ తామే చెప్పిన పుస్తకం. చిట్యాల ఐలమ్మ, దూడల సాలమ్మ, మల్లు స్వరాజ్యం, కమలమ్మ. పార్టీ చెప్పొద్దన్న సంగతులున్నాయి అందులో, బిడ్డని వదులుకున్న తల్లి దుఃఖం ఉంది. గుట్టు రట్టు చేయడమంటే అది. కానీ వాళ్ళు తమ పేర్లతో చెప్పారు. అది ముందు తెలుగులో వచ్చింది, మూడేళ్ళకి గాని ఇంగ్లీషులోకి పోలేదు. చెప్పినవాళ్ళూ, వాళ్ళ ఊరివాళ్ళూ చదవగల, వినగల భాషలో ముందు వచ్చింది. నా వ్యాసం ముందు ఇంగ్లీషులో వచ్చింది, పెద్దమ్మ దగ్గరికి చేరింది అన్నిటికన్నా చివర, తగాదా రూపంలో. గుట్టు విప్పింది ఆమె కాదు, నేను. ఆమె ఆ రాత్రి నాకు చెప్పడం వేరు, ఊరికి చెప్పడం వేరు. ఎప్పుడు, ఎవరికి, ఎంత అన్నది ఆమె చేతుల్లో ఉండాల్సింది, నేను లాక్కున్నాను. విభీషణుడైనా సొంత లంక గుట్టు చెప్పాడు. నేను వేరేవాళ్ళ లంక గుట్టు చెప్పాను.

ఫోనొచ్చిన వారానికి ఊరు వెళ్ళాను. దారంతా క్షమాపణ వాక్యాలు కూడబలుక్కున్నాను. పెద్దమ్మ తిట్టలేదు. కూర్చోమంది. కోడలు లోపల్నించి రాలేదు, మంచినీళ్ళు మనవరాలితో పంపింది. అప్పుడు తెలిసింది నేను చేసిన పనికి అసలు ఖరీదు.

అన్నలు పొలం రాయించుకున్నారన్నది ఊరికి తెలియని సంగతేం కాదు. అది ఊరికి పది ఇళ్ళలో జరిగేదే. 1956 చట్టం ప్రకారం తండ్రి స్వార్జితంలో కూతురికీ వాటా ఉంది. ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు మన రాష్ట్రంలో 1986లో ఇచ్చారు గానీ, 1985 సెప్టెంబరు 5కి ముందే పెళ్ళయినవాళ్ళకి అది వర్తించలేదు. దేశమంతటికీ 2005లో వచ్చింది. పెద్దమ్మ పెళ్ళి ఎప్పుడో డెబ్బైలలో అయింది. ఆమెకున్న కాస్త వాటాకి హక్కు లేదని వేలిముద్ర వేయించుకున్నారు. తెలియక వేసిందని నేను రాశాను. తెలిసే వేసింది. బీనా అగర్వాల్ 1994 నాటి పుస్తకంలో చెప్పింది సరిగ్గా ఇదే: ఆడవాళ్ళు వాటా వదులుకునేది అమాయకత్వంతో కాదు, అత్తింట్లో ఏదైనా జరిగితే నిలబడే పుట్టిల్లు ఒకటుండాలని. అది కూడా నేను చదివిన పుస్తకమే. పెద్దమ్మ పొలమిచ్చి పుట్టిల్లు కొనుక్కుంది. నలభై ఏళ్ళుగా ప్రతి సంక్రాంతికీ వచ్చే చీర, పెళ్ళిళ్ళకి వచ్చే పిలుపు, అవి ఆ పొలం తాలూకు ఫలసాయం. నా వ్యాసం తర్వాత, ఆ వైశాఖంలో అన్న మనవరాలి పెళ్ళికి పిలుపు రాలేదు. సంక్రాంతికి చీర రాలేదు.

"పెళ్ళికి పిలవకపోతే పోయారు" అంది. "రేపు నేను పోతే పుట్టింటి చీర ఎవరు తెస్తారమ్మా?"

ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. మన సంప్రదాయంలో పోయిన ఆడదాని మీద పుట్టింటివాళ్ళు చీర కప్పడం ఎంత పెద్ద సంగతో మనందరికీ తెలుసు. అది పితృస్వామ్యపు తంతు కాదా అంటే, అవును. అయినా ఆమె దానికి వెల చెల్లించింది. ఆమె లెక్క తప్పని చెప్పడానికి నాకు అర్హత లేదు.

పాత తిరగటి పాటల్లో వదినల్నే ఎందుకు తిడతారన్నది నా థీసిస్‌లో ఒక ప్రశ్న. ఆడవాళ్ళని ఆడవాళ్ళ మీదికే ఎగదోసే పితృస్వామ్య భావజాలం అని జవాబు రాశాను. అది తప్పని అనను. కానీ ఇప్పుడు ఇంకొకటి కూడా కనబడుతోంది. వదిన పేరు మీద పాడితే దుఃఖం బయటికి పోతుంది, పుట్టిల్లు నిలుస్తుంది. వినే ఆడవాళ్ళందరికీ అసలు సంగతి అన్నలదేనని తెలుసు. ఆ పాటలు కట్టినవాళ్ళకి చెప్పడమూ తెలుసు, ఎదుట ఎవరున్నారో చూసుకోవడమూ తెలుసు. దానికోసం వాళ్ళు వదినల్ని బలిపెట్టారన్నది నిజమే, దాన్ని నేను మెచ్చుకోలేను. అయినా వాళ్ళ జాగ్రత్త నాకు లేకపోయింది.

ఇంతకీ పెద్దమ్మ నన్ను అన్న మాట ఒక్కటే. "నేను నీకు పాడానమ్మా, ఊరికి పాడానా? అచ్చు వేసేముందు ఒకసారి నాకు చదివి వినిపిస్తే నీ సొమ్మేం పోయేది?"

నా సొమ్ము పోయేది. అదే నేను ఆలోచిస్తున్నది. చదివి వినిపించి ఉంటే ఆ వస్తువుని తీసెయ్యమనేది, పొలం గట్టు పేరు తీసెయ్యమనేది. "తెలియక వేసింది" అన్న వాక్యం దగ్గర నవ్వేది. వ్యాసం చప్పగా అయ్యేది, బహుశా సంపాదకురాలు తిప్పి పంపేది. అయితే అబద్ధం ఒకటి తగ్గేది. పరిశోధన మొదట్లో సమ్మతి పత్రం అని ఒకటి రాయించుకుంటాం. మాట్లాడటానికి ఒప్పుకున్నట్టు అది. ఏం రాస్తామో మనకే తెలియని రోజున తీసుకున్న ఒప్పుకోలు. రాశాక అడిగేదే అసలు ఒప్పుకోలు అని నాకిప్పుడు అనిపిస్తోంది. మామూలు పాఠకులకి అర్థమయ్యేలా రాశామని చెప్పుకునేవాళ్ళం, ఆ మొదటి మామూలు పాఠకురాలికి చదివి వినిపించడానికి సాకులు వెతుక్కోలేం. పరిభాషలో ఉన్నప్పుడు ఆమెకి అర్థం కాదనే సాకు ఉండేది. ఇప్పుడు అదీ లేదు.

దీన్ని అందరికీ ఒకే నియమంగా మాత్రం నేను చెప్పలేను. అన్నలకి కూడా చదివి వినిపించాలా? వాళ్ళ గురించీ రాశాను కదా. వినిపిస్తే ఆ వ్యాసం ఎప్పటికీ అచ్చయ్యేది కాదు. ఐర్లండు ఊరు పొమ్మన్న ఆ షెపర్-హ్యూసే 1999లో 'ఆర్గన్స్ వాచ్' మొదలుపెట్టింది. కిడ్నీల అక్రమ వ్యాపారం గురించి, తనెవరో దాచి మరీ, దళారుల దగ్గరికి వెళ్ళింది. దళారికి ముందుగా చదివి వినిపించమని ఎవరూ అనరు. పల్లెలో నమ్మి మాట్లాడిన మనిషికి ఉన్న బాకీ, ఇంకొకరి శరీరం అమ్ముకునేవాడికి లేదు. ఇది చెప్పడం తేలికే. అన్నలు ఈ రెండింటిలో ఎక్కడ వస్తారన్నది తేలిక కాదు. వాళ్ళు దళారులు కాదు. పెద్దమ్మకి వాళ్ళు కావాలి. కాబట్టి వాళ్ళ గురించి ఏం రాయాలన్నది వాళ్ళనో, నన్నో కాదు, ఆమెనే అడగాలి. ఈ మాత్రం దాకా నాకు స్పష్టంగానే ఉంది. కోడలి సంగతి వచ్చేసరికి స్పష్టత పోతుంది. ఆ కోడలు నాతో ఇప్పటికీ సరిగా మాట్లాడదు. నేను రాసిన దాని వల్ల ఊళ్ళో మాటలు పడుతున్నది ఆమె. ఆమెని నేను అప్పుడూ అడగలేదు, నా పాటల్లో ఆమె లేదు కాబట్టి.

ఆ పత్రికకి రాసి వ్యాసం తీయించేశాను. వాళ్ళు వెంటనే ఒప్పుకున్నారు. వాట్సప్‌లో తిరుగుతున్నది మాత్రం ఎవరి చేతుల్లోనూ లేదు.

ఈ వ్యాసం రాశాక పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి మొత్తం చదివి వినిపించాను. రెండు సిట్టింగులు పట్టింది. మధ్యలో ఇంగ్లీషు పేర్లు వచ్చినప్పుడల్లా "ఆ అమ్మాయికి పెళ్ళయిందా?" అని అడిగింది. ఐర్లండు ఊరి కథ రెండుసార్లు చదివించుకుంది. పొలం సంగతి ఉండనీయమంది, "దాచేదేముంది, ఇప్పుడందరికీ తెలిసిందేగా" అంది. పాట గురించి రాసింది కూడా ఉండనీయమంది. రెండు వాక్యాలు తీసెయ్యమంది, తీసేశాను. ఇంకొకచోట, అన్నలు మోసం చేశారు అని రాసిన దగ్గర ఆపి, పెద్దన్న కాదు, అతను మంచివాడేనని, అతను పోయాకే ఇదంతా జరిగిందని అంది. అది నాకు ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. రాయమన్నావా పెద్దమ్మా అంటే కాసేపు ఆలోచించి, రాయమంది.